చెరువుకి తోడు

సింథటిక్ బయాలజీ నేర్చుకోవాలి మేడం, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని ఇప్పటికీ పిల్లలు ఫోన్ చేస్తుంటారు. రిటైరయి రాజమండ్రిలో ఇంటిపట్టున ఉన్నదాన్ని కదా, తీరిగ్గా చెబుతాననుకుంటారు. తీరిక ఉన్నమాట నిజమే. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కితే గోదావరి మీద మంచు విడిపోయేదాకా అక్కడే ఉండిపోతాను. కాఫీ చల్లారిపోతుంది. మా ఆయన కింద నుంచి "ఉన్నావా, నిద్రపోయావా?" అని కేకేస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నాది ఇదే వరస. పగటికలలు కనే జబ్బు పుట్టుకతో వచ్చింది. ఈ చదువుకి ఆ జబ్బు కాస్త ఉండాలనే నా ఉద్దేశం.

ఫోన్‌లో చెప్పేసరికి గొంతు పోతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, శాలువాలు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటి గురించి చదివి మీరు బాగుపడేదేమీ లేదు.

ముందు అదేంటో చెప్పేస్తాను. ప్రతి ప్రాణి కణంలోనూ ఒక రాత ఉంటుంది. నుదుటి రాత కాదు, డీఎన్ఏ రాత. ఏ ప్రొటీను చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ రాతలోకి మనకి కావలసిన వాక్యం ఒకటి మనమే రాసి పెట్టి, ఒక బాక్టీరియా చేత దాన్ని చదివించి, అందులో ఉన్న పని చేయించడం సింథటిక్ బయాలజీ. మొదటిరోజుకి ఇంతకంటే అక్కర్లేదు. ఇంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లు కోర్సు అమ్ముకునేవాళ్లు.

ముందు నీళ్లు

నా మొదటి ఉద్యోగం కాలేజీలో కాదు, సముద్రపు ఒడ్డున రొయ్య పిల్లల్ని పెంచే ఒక హేచరీలో. అక్కడ ల్యాబ్ అంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఉప్పు గాలికి తుప్పు పట్టిన ఒక ఫ్రిజ్జు. నా పైన ఆఫీసరు సత్యం గారని ఒకాయన. లుంగీ మీదే ల్యాబ్‌కి వచ్చేసేవారు. చేరిన రోజున నా చేతికి చుక్కలు కొలిచే పిప్పెట్ ఇచ్చి, ఒక గ్లాసులో మంచినీళ్లు పెట్టి, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి మార్చమన్నారు. మార్చాను. మళ్లీ ఇటు మార్చమన్నారు. ఎమ్మెస్సీ చదివొచ్చిన నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకండీ ఇది?" అన్నాను.

"నీ చెయ్యి కంగారు పడుతోందమ్మా. కంగారు పడే చేతికి బాక్టీరియా ఇవ్వకూడదు" అన్నారు. ఆ వారమంతా నీళ్లే.

ఇప్పుడు మీకు నేను చెప్పేదీ అదే. పుస్తకం తెరిచే ముందు చెయ్యి కుదుర్చుకోండి. ఇంట్లో సిరంజి ఉంటే దాంతో రంగునీళ్లు చుక్కచుక్కగా కొలవండి. ఈ విద్యలో మనం వాడే చుక్క కంటికి ఆనదు. దాని విలువ చేతికి తెలియాలి.

సత్యం గారు ఇంకోటి కూడా నేర్పారు. ఒకసారి ఒక తొట్టెలో పిల్లలకి జబ్బు తగిలింది. ఓనరు గారు ఆ నీళ్లు వెంటనే కాలవలోకి వదిలేసి తొట్టె కడిగెయ్యమన్నారు, కొత్త బ్యాచ్ వస్తోందని. సత్యం గారు తొట్టెలో క్లోరిన్ కలిపి, తూము దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. ఓనరు గారొచ్చి కేకలేశారు. ఈయన పేజీ తిప్పారు. ఆయన ఇంకా గట్టిగా కేకలేశారు. ఈయన "క్లోరిన్‌కి చెవులుండవండి, మీరు అరిచినా దాని టైమ్ అది తీసుకుంటుంది" అన్నారు. నీళ్లలో జబ్బు చచ్చాకే లేచారు. తర్వాత సత్యం గారిని ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉండనివ్వలేదు. నేను పనిచేసిన పై అధికారుల్లో ఆయన్ని మించినవాళ్లు లేరని ఇప్పటికీ అంటాను. తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి కుర్చీ ఉంది, దాన్ని ఎక్కడ వేసుకోవాలో మాత్రం తెలియలేదు.

వెచ్చటి గది

తర్వాత రాజమండ్రి దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పడానికి చేరాను. చాలా ఏళ్లు అవే పాఠాలు చెప్పాను. సింథటిక్ బయాలజీ నా జీవితంలోకి వచ్చేసరికి నా జుట్టు సగం నెరిసింది. ఎవరూ నేర్పలేదు. ఇంటర్నెట్‌లో పాఠాలు వినేదాన్ని. విన్నది సగం అర్థమయ్యేది కాదు. అర్థం కానిచోట వీడియో ఆపి, కళ్లు మూసుకుని, ఆ కణం లోపల నేను నిలబడి ఉన్నట్టు ఊహించుకునేదాన్ని. చుట్టూ గోరువెచ్చటి నీళ్లు. పొడుగాటి దారం ఒకటి వంపులు తిరుగుతూ పోతుంటుంది. దాని మీద ఏదో పాకుతూ చదువుకుంటూ వెళ్తుంటుంది. అలా ఎంతసేపు కూర్చునేదాన్నో నాకే తెలిసేది కాదు. పుస్తకంలో ఎక్కనిది ఆ కునికిపాట్లలో ఎక్కింది. మీకూ ఇదే చెబుతాను. పేర్లు బట్టీ పట్టకండి, లోపలికి వెళ్లి నిలబడండి.

మా కాలేజీ ల్యాబ్‌లో బాక్టీరియాని పెంచే ఇంక్యుబేటర్ గది ఒకటుండేది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. వానాకాలంలో పిల్లలు పుస్తకాలు పట్టుకుని అక్కడే చేరేవాళ్లు. నేనూ అక్కడే. బాక్టీరియా పెరిగే వాసన ఒకటుంటుంది, తడి మట్టిలాగా, కొంచెం పులుపుగా. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు ఆ వాసన తగిలితే ఇంటికొచ్చినట్టుంటుంది.

క్లాసులో ఒక పదం దగ్గర ఎప్పుడూ చిక్కొచ్చేది. పెరిగిన బాక్టీరియాలోంచి ఒక చుక్క తీసి కొత్త ద్రావణంలో వేస్తే, తెల్లారేసరికి అదంతా బాక్టీరియా అయి కూర్చుంటుంది. దీన్ని ఇంగ్లీషులో ఇనాక్యులేషన్ అంటారు. పల్లెటూళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ మాట పలకలేక తలలు దించుకునేవాళ్లు. ఒకరోజు విసుగొచ్చి, "ఒరే, మీ అమ్మ రాత్రి పాలు తోడుపెడుతుంది చూడండి, అదే ఇది" అన్నాను. క్లాసంతా ఒక్కసారిగా తలెత్తింది. ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఆ మాటే. తోడు పెట్టావా, తోడు అందిందా, తోడు పాడైంది. ట్యూబుల మీద మార్కర్‌తో కూడా 'తోడు' అనే రాసేవాళ్లు. చూడ్డానికొచ్చిన పెద్ద ప్రొఫెసరు ఒకాయన ముఖం చిట్లించారు. చిట్లించుకోనివ్వండి.

మొదట్లో మాకు జరిగిన పరాభవం ఒకటి చెప్పాలి. రంగునిచ్చే జీను ఒకటి తెప్పించాం. ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్ఏ ఉంగరం ఉంటుంది, దాంట్లో ఆ జీను ఉంది. దాన్ని ఈకోలై బాక్టీరియాలోకి ఎక్కించాలి. చల్లగా ఉంచి, ఒక్కసారి వేడి తగిలించి, మళ్లీ చల్లబరిస్తే, కొన్ని బాక్టీరియా ఆ ఉంగరాన్ని లోపలికి లాక్కుంటాయి. లాక్కున్నవే బతకాలని ప్లేటులో ఒక యాంటీబయాటిక్ కలుపుతాం. ఉంగరంలో ఆ మందుని తట్టుకునే జీను కూడా ఉంటుంది కాబట్టి ఉంగరం ఉన్నవి బతుకుతాయి, లేనివి చస్తాయి. మర్నాడు చూస్తే ప్లేటు నిండా చుక్కలే. ప్రిన్సిపాల్ గారు కాజాలు తెప్పించి స్టాఫ్ రూములో పంచారు. పేపరు వాళ్లకి కూడా ఫోన్ చెయ్యబోయారు. రెండ్రోజులైనా ఒక్క చుక్కకీ రంగు రాలేదు. తీరా చూస్తే ప్లేటులో యాంటీబయాటిక్ కలపడం అందరం మర్చిపోయాం. ఎక్కనివన్నీ హాయిగా బతికేసి, ఎక్కిన కొన్నింటినీ కనపడకుండా కప్పేశాయి. ప్రిన్సిపాల్ గారు చాలారోజులు నన్ను చూసినప్పుడల్లా "మేడం గారూ, కాజా తిననా, ఆగనా?" అని ఎటకారం చేసేవారు.

కాబట్టి పక్కన ఎప్పుడూ ఒక ఉత్త ప్లేటు పెట్టండి. మందు కలిపి, ఉంగరం ఎక్కించని బాక్టీరియా వేసిన, ఏమీ పెరగకూడని ప్లేటు. అందులో ఏదైనా పెరిగిందంటే మీ సంతోషం అబద్ధమని అర్థం. ఆ ప్లేటు ఖాళీగా ఉంటే అప్పుడు కాజాలు తెప్పించండి.

నాగమణి

నాగమణి మా దగ్గర బీఎస్సీలో చేరినప్పుడు మాట్లాడేది కాదు. నరసాపురం అవతల సముద్రపు గట్టు ఊరు. చేపలు పట్టే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ వీర్రాజు తెచ్చుకుని చదివించాడు. ఆయన వేట మానేసి ఒక రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు. ఈ అమ్మాయికి చెయ్యి పుట్టుకతోనే కుదురు. వలలు అల్లిన ఇంటి పిల్ల కదా, చుక్క కొలవడం నేను నేర్పక్కర్లేకపోయింది.

ఆ అమ్మాయి ఒకరోజు వెచ్చటి గదిలో నా పక్కన కూర్చుని, "మేడం, బాక్టీరియా మాట్లాడుకుంటాయని చెప్పారు కదా. రొయ్యల్ని చంపే విబ్రియో కూడా మాట్లాడుకుంటుందా?" అంది.

మాట్లాడుకుంటుంది. విబ్రియో నీళ్లలోకి ఒక పదార్థం వదులుతుంది. తక్కువ ఉన్నప్పుడు అది ఎవరికీ ఆనదు. గుంపు పెరిగేకొద్దీ ఆ పదార్థం పెరిగి, ఇక మనం చాలామందిమి ఉన్నాం అని వాటికి తెలిసిపోతుంది. అప్పుడే దాడి మొదలుపెడతాయి. నాగమణి వెంటనే, "ఆ మాట చాటుగా వినే బాక్టీరియాని మనం చేస్తే?" అంది.  ఆ పని ప్రపంచంలో ఎక్కడో ఎవరో చేసే ఉంటారు, అది నాకు తెలుసు. తన చెరువు కోసం ఒక పిల్ల తనంతట తాను అక్కడికి రావడం వేరు.

రెండేళ్లు పట్టింది. ఆ మాట వినే జీను ఒకటి, ఎర్ర రంగు చేసే జీను ఒకటి, రెంటికీ మధ్య ఒక స్విచ్చు. మూడింటినీ ఒక ఉంగరంలో కూర్చి ఈకోలైలోకి ఎక్కించాలి. చెరువు నీళ్లు వడకట్టి ఒక చుక్క ట్యూబులో వేస్తే, విబ్రియో మాట గట్టిగా ఉంటే ట్యూబు ఎర్రబడాలి. ఎన్నిసార్లు విఫలమైందో చెప్పను. స్విచ్చు ఆగేది కాదు, ఏ నీళ్లు వేసినా ఎర్రబడేది. తర్వాత ఏ నీళ్లు వేసినా ఎర్రబడేది కాదు. నాగమణి ఏడవడం నేను చూడలేదు. ఇంక్యుబేటర్ అద్దానికి నుదురు ఆనించి నిలబడేది. ఒకరోజు మామూలు నీళ్ల ట్యూబు తెల్లగానే ఉండి, విబ్రియో ట్యూబు దానిమ్మ గింజ రంగుకి తిరిగింది. ఆ పిల్ల నన్ను గట్టిగా పట్టేసుకుంది. ఆ క్షణం కోసమే అయితే నేను ఇంకో జన్మ ఈ ఉద్యోగం చేస్తాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఇలా మార్చిన బాక్టీరియా ల్యాబ్ గడప దాటకూడదు. పని అయిపోగానే ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆవిరి మీద పూర్తిగా చంపి, అప్పుడే పారబొయ్యాలి. ఏం చేస్తున్నామో చూసే కమిటీ ఒకటి కాలేజీలో ఉంటుంది. చాలామంది దాన్ని తద్దినంలా చూస్తారు. మీరు అలా చూడకండి.

కాదనలేని వస్తువు

ఆ వేసవిలో వీర్రాజు చెరువులో రొయ్యలు గట్టుకి చేరి చావడం మొదలుపెట్టాయి. ఆయన ఒక సీసాలో చెరువు నీళ్లు పట్టుకుని బస్సెక్కి కాలేజీకి వచ్చాడు. ఆ రోజు నేను మా బంధువుల పెళ్లికని పెద్దాపురం వెళ్లాను. నాగమణి నీళ్లు వడకట్టి ట్యూబులో వేసింది. ఎర్రబడింది. మేనమామ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకి పట్టి చాలాసేపు చూశాడట. ట్యూబు మీద 'తోడు' అని ఉంది.

ఇక్కడ బయటివాళ్లకి ఒకటి చెప్పాలి. రొయ్యల రైతులు మంచి బాక్టీరియా అని ఒకటి కొంటారు. దాన్ని బెల్లం నీళ్లలో, తవుడులో వేసి డ్రమ్ములో పులియబెట్టి, పెంచి, చెరువులో పోస్తారు. చెడ్డవాటిని అది అణిచేస్తుందని. దాన్నీ తోడనే అంటారు. ఒక చెరువు రైతు డ్రమ్ములోంచి పక్క చెరువు రైతు ఒక చెంబు పట్టుకెళ్లడం మామూలే. మా వైపు ఇళ్లలో ఎంత పడనివాళ్లయినా, తోడు అడిగితే లేదనరు.

"కొంచెం తోడియ్యమ్మలూ, చెరువుకి వేసుకుంటాను" అన్నాడట వీర్రాజు.

కన్నతండ్రిలా పెంచిన మనిషి. చేతిలో చస్తున్న చెరువు నీళ్ల సీసా. అడిగింది తోడు. నాగమణి కాదనలేకపోయింది. ఆ ట్యూబుకే మూత బిగించి, దూదిలో చుట్టి ఇచ్చింది.

నేను పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది. "మేడం, తోడు మావయ్యకిచ్చేశాను. డ్రమ్ములో వేశాడంట. ఇవాళ ఎండెక్కాక చెరువులో పోస్తానని ఇప్పుడే ఫోన్ చేశాడు. వద్దంటే నవ్వుతున్నాడు" అంది.  ఆ చెరువు నీళ్లు మురుగు కాలవలోకి పోతాయి, కాలవ సముద్రంలోకి. ఒకసారి పోస్తే వెనక్కి తీసుకోవడమంటూ లేదు. తిట్టాలనుకున్నాను. అంతలో మా ఆయన కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టారు.

నాగమణిని ఎక్కించుకుని బయల్దేరాను. కాలవ పక్కన రోడ్డు, కొబ్బరి నీడలు కారు అద్దం మీద పాకుతూ పోయాయి. అంత కంగారులోనూ నా బుద్ధి ఎటో వెళ్లిపోయింది. ఆ డ్రమ్ములో చీకట్లో, వెచ్చటి బెల్లం నీళ్లలో, మేం రాసిన వాక్యాన్ని కోట్ల నోళ్లు చదువుకుంటున్నాయి. రెండేళ్లు మేం బతిమాలితే పెరగనివి అక్కడ ఎంత హాయిగా పెరుగుతున్నాయో అనుకున్నాను. సిగ్గుచేటు, ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

డ్రమ్ము దగ్గర

మేం వెళ్లేసరికి వీర్రాజు డ్రమ్ము మూత తీసి కర్రతో కలుపుతున్నాడు. నీలం డ్రమ్ము, పైన నురగ. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. గట్టు వెంట చచ్చిన రొయ్యలు తెల్లగా తేలుతున్నాయి.

"రండి మేడం గారూ. సరిగ్గా టైముకొచ్చారు. మా అమ్మలు చేసిన పురుగు ఎలా పెరిగిందో చూడండి" అన్నాడు. ఆయన ముఖంలో ఉన్న గర్వం చూడలేక నురగ వైపు చూశాను.

"పోయొద్దండీ వీర్రాజు గారూ" అన్నాను.

"ఏంటండీ?"

చెప్పాను. ఇది మందు కాదు, ల్యాబ్ దాటకూడదు, దాని ఒంట్లో యాంటీబయాటిక్‌ని తట్టుకునే జీను ఉంది, అది వేరే బాక్టీరియాకి అంటుకోవచ్చు. ఆయన కర్ర ఆపి శ్రద్ధగా విన్నాడు.

"ఉప్పు నీళ్లలో ఇది బతుకుతుందాండి?"

"బతకదనే అనుకుంటున్నాను. చాలా సుకుమారమైంది."

"చచ్చిపోయేదే అయితే పోస్తే ఏం పోద్దండి?"

"చచ్చినా ఆ జీను మిగలొచ్చు. పక్కవాటికి అంటొచ్చు."

"అంటుద్దా, అంటదా?"

"తెలీదండి."

"ఇంత చదివి తెలీదంటే ఎలాగండి మేడం గారూ?" ఆయన మాటలో వెక్కిరింపు లేదు. నిజంగానే అడుగుతున్నాడు. "నా చెరువు సచ్చిపోతోందండి. అది తెలుస్తానే ఉందిగా మీకు?"

 తెలీదు కాబట్టే వద్దంటున్నాను అన్నాను. చస్తున్న చెరువు గట్టు మీద ఆ మాట ఎంత తేలిగ్గా వినిపించిందో నాకే తెలిసింది. పరీక్ష పేపర్లో అయితే దానికి పూర్తి మార్కులు వేసేదాన్ని. ఆయన డ్రమ్ము అంచు మీద చెయ్యి వేశాడు. వంచితే అయిపోతుంది.

ఆయన నన్ను వదిలేసి నాగమణి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మలూ. నువ్వు చేసిందే కదా. ఇది నా రొయ్యల్ని బతికిస్తదా, లేదా?"

నాగమణి గట్టు మీద చెప్పులు విడిచి నిలబడి ఉంది. అడుగు ముందుకి వేసి మేనమామ చెయ్యి పట్టుకుంది.

"బతికించదు మావయ్యా. దానికి ఆ విద్య నేను నేర్పలేదు. చెడ్డవి గుంపు కట్టాయని చెబుతుందంతే. అది మొన్నే చెప్పేసింది, ట్యూబు ఎర్రబడింది. రెండ్రోజులు పోయాయి. ఈ డ్రమ్ము నమ్ముకుంటే మిగిలినవి కూడా పోతాయి. ఇవాళే పట్టేయ్ మావయ్యా. చిన్నవైనా పర్లేదు, ఉన్నవి పట్టేయ్."

"అప్పుడెందుకు చెప్పలేదే మరి?"

"నువ్వు తోడడిగావు" అంది నాగమణి.  ఇంక్యుబేటర్ అద్దం ముందు ఎన్నడూ చూడని ఏడుపు ఆ గట్టు మీద చూశాను.

వీర్రాజు డ్రమ్ము మీంచి చెయ్యి తీశాడు.  షెడ్డులో బ్లీచింగ్ పౌడర్ బస్తా ఉందని తలతో చూపించాడు. నేను అటు కదలబోతే నాగమణి ఆపింది. "నేను చేస్తాను మేడం." ముక్కుకి చున్నీ కట్టుకుని, బకెట్‌లో పౌడర్ కలిపి, డ్రమ్ములో పోసి, కర్రతో అడుగు దాకా కలిపింది. బెల్లం రంగు నురగ మెల్లగా పాలిపోయింది. ఘాటుకి ముగ్గురికీ కళ్లు నీళ్లు కారాయి. కాసేపయ్యాక ఇంకాస్త పోసి మళ్లీ కలిపింది. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. కర్రని, మూతని, తను నిలబడ్డ నేలని కూడా తడిపింది. నేను చెప్పాలనుకున్న జాగ్రత్తలన్నీ ఆ అమ్మాయి చెప్పకుండానే తీసేసుకుంది.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను, మీరు అడుగుతారని. మర్నాడు కాలేజీ కమిటీకి నేనూ నాగమణీ కలిసి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాం. ల్యాబ్‌కి కొన్నాళ్లు తాళం పడింది. ఏటా వేరే కాలేజీలతో జరిగే ప్రాజెక్టుల పోటీకి ఆ ఏడాది మా వాళ్లు వెళ్లలేదు. కొందరు లెక్చరర్లు 'తోడు' అనే మాట వల్లే ఇదంతా అన్నారు. ఆ మాట నేను మార్చలేదు. దాని పక్కన ఇంకో మాట నేర్పడం మొదలుపెట్టాను. పాలు తోడుపెట్టే ముందు అది ఎవరి గిన్నెలోకి పోతోందో చూసుకోమని. మీకూ ఈ చదువులో మొదటి పాఠం అదే. ఎలా చెయ్యాలన్నది యాభై చోట్ల దొరుకుతుంది. ఎవరైనా ప్రేమగా అడిగినప్పుడు చెయ్యి ముడుచుకోవడం ఎక్కడా దొరకదు.

ఆ రోజు గట్టు మీద వీర్రాజు ఫోన్ తీసి కొనేవాళ్లకి, వల లాగేవాళ్లకి కబురు పెట్టాడు. ధర గురించి ఒక్కమాట కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పట్టుబడి, ఉన్న రొయ్యలన్నీ పట్టేయడమే అన్నాడు. తర్వాత మమ్మల్ని అన్నానికి ఇంటికి తీసుకెళ్లాడు. చెరువుకి పక్కనే ఇల్లు. ఆయన భార్య వంట చేసి ఎదురుచూస్తోంది. నాగమణి గుమ్మంలో అడుగు పెట్టబోయింది.

"ఆగమ్మలూ" అన్నాడు వీర్రాజు. "లోపలికి రాకు. తలమీంచి స్నానం చేసి రా."

బ్లీచింగ్ ఒంటికంటుకుందని అంటున్నాడనుకున్నాను. నాగమణికి ముందే అర్థమైనట్టుంది, తల వంచుకుని నిలబడిపోయింది.

"నువ్వు పుట్టించినవి కదమ్మా. రెండేళ్లు కళ్లలో పెట్టుకుని పెంచానని చెప్పేదానివి. నువ్వే చంపుకోవలసొచ్చింది నా మూలాన. అలాగే కూర్చుని అన్నం ఎలా తింటావు?" అన్నాడు. భార్య వైపు తిరిగి, నీళ్లు పెట్టమన్నాడు. ఆవిడ ఎవరు పోయారని అడగలేదు. పెరట్లో తడకల చాటున నీళ్లు తోడింది.

తన చెరువు చచ్చిపోతున్న రోజది. ఇంకాసేపట్లో వలలు దిగుతాయి, ఎన్ని మిగిలాయో ఎవరికీ తెలీదు. ఆ మనిషి మేనకోడలి బాక్టీరియాకి మైల పాటిస్తున్నాడు.  హేచరీ నుంచి మొదలుపెట్టి, నేను ఎన్ని కోట్ల ప్రాణాల్ని ఆటోక్లేవ్‌లో పెట్టి, స్విచ్చు నొక్కి, బస్సు టైమైందని బయల్దేరిపోయానో. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నాగమణి స్నానం చేసి, తడి జుట్టు వీపున పరుచుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ ముఖం తేటపడింది. వీర్రాజు నా వైపు చూసి, మొహమాటపడుతూ అన్నాడు.

"మీరూనండి మేడం గారూ. మీకూ అంతేగా."

నేను చేతి గడియారం తీసి గుమ్మం పక్కన పెట్టి పెరట్లోకి నడిచాను.